ఆకు ముట్టేదాకా

మా తమ్ముడు ముద్దుకృష్ణ ఖాళీ బండి తోలడు. కుప్పం దగ్గర మా ఊళ్లో టమాటా క్రేట్లు ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్లో దింపితే, తిరిగొచ్చేటప్పుడు వాడి ఏస్ బండిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఉల్లిగడ్డ మూటలో, సిమెంటు బస్తాలో, పెళ్లివాళ్ల కుర్చీలో, ఏదైనా సరే. ఖాళీగా వస్తే వాడికి అన్నం సహించదు. ఆ రోజు వాడి తిరుగు లోడు నా పురుగులు.

పురుగులంటే పట్టుపురుగులు. మదనపల్లెలో కౌసల్య అని ఒకావిడ గుడ్లు పొదిగించి, పిల్లపురుగుల్ని రెండో జ్వరం దాకా సాకి మాలాంటి వాళ్లకు ఇస్తుంది. జ్వరమంటే జబ్బు కాదు. పాత చర్మం విడిచే ముందు పురుగు ఆకు మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. ఆ నిద్రలో ఉండగానే వాటిని ఇల్లు చేర్చాలి. లేచిన పురుగుకు వెంటనే ఆకు కావాలి. దారిలోనే లేచి, ఎండకు ఉడికి, ఆకు లేక పడి ఉంటే ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవడమే.

నాకు అది మూడో ప్రయత్నం. మొదటి పంట పక్క టమాటా తోటలో కొట్టిన మందు గాలికి పోయింది. రెండోది ఇంకో నాలుగు రోజుల్లో గూళ్లు కడతాయనగా రోగం తగిలి పోయింది. రెండుసార్లూ మా ఆయన చెంగల్రాయుడు గుంత తవ్వి, పురుగుల్ని అందులో పోసి, సున్నం చల్లి పూడ్చాడు. మొదటిసారి నేను గట్టున నిలబడి చూశాను. రెండోసారీ చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. రోజుల తరబడి అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచిపోయేదాన్ని. ఆయన నా కంచం తీసి పెట్టేవాడు. ఆయన అరిచే మనిషి కాదు. మా ఇంట్లో అరిచే పని నాది.

ఈలోగా మా తోట ముందు రోడ్డు వెడల్పు చేయడం మొదలుపెట్టారు. పొద్దున లేస్తే కంపెనీ బస్సులు, గ్రానైటు లారీలు, టమాటా లారీలు. మునిశేఖర్ అనే అతను వచ్చి, మా తోటను బాడుగకిస్తే లారీలు నిలిపే యార్డు కడతానన్నాడు. పక్కనే లారీలు తూచే కాటా కూడా పెడతాడట. మా ఆయనకు మాట నచ్చింది. దాచడమెందుకు, చాలా నచ్చింది. ఆయన నచ్చినట్టు కనబడకుండా తల గోక్కుంటూ ఉంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ ఒక్క పంట సాకనీ. ఇది కూడా పోయిందంటే తోట పెరికెయ్. నేను అడ్డం పడను" అన్నాను. కోపంలో అన్న మాటే, కానీ మాట మాటే. తోట పోతే నేను కంపెనీలో ఊడ్చే పనికి పోవాలి. పనికి నామోషీ పడేదాన్ని కాదు. కానీ పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మల్బరీ తోట ఒక్కటే. ప్రతి మొక్కా నా చేత్తో నాటిందే.

అందుకే ముందు రోజే బస్సెక్కి మదనపల్లె పోయి కౌసల్య దగ్గరే పడుకున్నాను. తెల్లారేసరికి కృష్ణ మార్కెట్లో టమాటా దింపి, బండి కడిగి తెచ్చాడు. నేను వెనక తొట్టెలోకి ఎక్కి మూలమూలలా వాసన చూశాను. కౌసల్య నవ్వింది.

"నీ తమ్ముడు కాదా మునెమ్మా, అంత అనుమానమేమి?"

"తమ్ముడు కాబట్టే" అన్నాను.

ముందు క్యాబిన్లో అగరొత్తి వెలుగుతోంది. తీసి బయట పారేశాను. పురుగుకు పొగ పడదు, సెంటు పడదు, పూల వాసన పడదు. దోమల మందు పక్క గదిలో పెట్టినా వాంతి చేసుకుని చస్తుంది.

"సామికి పెట్టింది అక్కా" అన్నాడు కృష్ణ.

"సామి ఈ పొద్దుకు ఓర్సుకుంటాడులే. తొందరగా ట్రేలు ఎక్కించు."

ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గాలాడేలా తాళ్లు కట్టి, పైన తడి గోనెలు కప్పాం. కౌసల్య చివరి ట్రే నా చేతికిస్తూ, "మధ్యాన్నానికి లేస్తాయి. ఎండ ఎక్కకముందే పలమనేరు దాటిపో" అంది. పురుగులన్నీ తలలెత్తుకుని నిద్రపోతున్నాయి. ఇన్ని ప్రాణాలు ఒక్కసారి నా మీద ఆధారపడి ఉన్నాయని తాళ్లన్నీ ఇంకోసారి లాగి చూశాను.

పుంగనూరు వచ్చేదాకా బాగానే వచ్చాం. ఊరి మొదట్లో ఎరువుల కొట్టు ముందు బండి ఆపాడు మావాడు.

"యాల ఆపితివి?"

"వెనక రవంత జాగా ఉండాదక్కా. పలమనేరుకు రెండు మూటలు యూరియా..."

నేను వాడి వైపు చూశాను. అంతే. వాడు మళ్లీ గేరు వేశాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు" అని గొణిగాడు.

"నేనేమన్నా అంటినా?"

"సూస్తివి కదా. అది సాలదా?"

చిన్నప్పటి నుంచీ వాడికి నేనంటే భయమే. అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను, పెంచే పనిలో చేయి కాస్త ఎక్కువ వాడాననుకోండి. ఆ భయం మంచిదే అనుకునేదాన్ని నేను. పని జరుగుతుంది కదా.

పుంగనూరు దాటి కొంతదూరం పోయేసరికి ముందు బండ్లు ఆగి ఉన్నాయి. మొదట మామూలే అనుకున్నాం. రోడ్డు పని జరిగే చోట ఎప్పుడూ ఒకవైపు ఆపి ఒకవైపు వదులుతారు. కాసేపటికి ఎదుటి నుంచి కూడా ఒక్క బండీ రావడం లేదని తెలిసింది. వెనక చూస్తే కనుచూపు మేర లారీలు. పక్కకు తిరగడానికి లేదు, ఒకవైపు తవ్విన కాలువ, ఇంకోవైపు కంకర గుట్టలు.

నేను దిగి ముందుకు నడిచాను. కల్వర్టు దగ్గర టమాటా లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదట. క్రేట్లు పగిలి రోడ్డంతా టమాటాలు. జనం సంచులు పట్టుకుని ఏరుకుంటున్నారు. క్రేన్ వస్తోందని ఒకడన్నాడు. ఎప్పుడొస్తుందంటే, పలమనేరు నుంచి రావాలి, ఆ వైపు కూడా జామ్ కదా అన్నాడు. వాడికదో తమాషాగా ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

తిరిగొచ్చేసరికి తొట్టె ఇనుము మీద చేయి పెట్టలేకపోయాను. గోనెలు అప్పుడే ఆరిపోయాయి. ఉన్న నీళ్లన్నీ గోనెల మీద చల్లాను. ఎండ మాత్రం మా కోసం ఆగేలా లేదు. కృష్ణ ఫోను జేబులో పెట్టుకుంటూ కనిపించాడు.

"ఎవురికిరా?"

"ఎవురికీ లేదక్కా. క్రేన్ కోసం తెలిసినోళ్లకు..." అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

నాకు ఆ క్షణంలో వాడి మొహం చదివే తీరిక లేదు. ట్రే అంచున చెయ్యి పెట్టి చూస్తే వేడి తగులుతోంది. ఇంకో గంట ఇలాగే ఉంటే మా ఆయన మళ్లీ గుంత తవ్వుకోవాల్సిందే. కాలు కాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగాను. నీడ లేదు. గాలి లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏం లాభం, ఆ నీళ్లు కూడా గోనె మీద పడవు.

అప్పుడు కనబడింది ఆ బస్సు. మాకు మూడు బండ్ల ముందు, అద్దాలన్నీ మూసి ఉన్న కంపెనీ బస్సు. ఇంజను ఆడుతోంది. అద్దాల లోపల నీలం కోట్లు వేసుకున్న ఆడపిల్లలు దుప్పట్టాలు భుజాల మీదికి లాక్కుని కూర్చున్నారు. ఈ ఎండలో వాళ్లకు చలి పెడుతోంది.

పోయి తలుపు బాదాను. డ్రైవరు తీశాడు. పెద్ద వయసు మనిషి, జేబు మీద పాపయ్య అని పేరు కుట్టి ఉంది.

"ఏమమ్మా?"

"అప్పా, లోపల చల్లగా ఉండాదా?"

"ఏసీ బస్సు. స్టాఫుకు మాత్రమే."

"నేను ఎక్కనప్పా. నా పురుగుల్ని ఎక్కించుకో."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. పిచ్చిదాన్ననుకున్నాడు, తప్పులేదు. పట్టుపురుగులని చెప్పి, ఎండకు పోతాయని, జామ్ విడిచేదాకా చల్లగా ఉంచితే చాలని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నేను బతిమాలుతున్నాను. మొగుడితో కూడా ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు.

"కంపెనీవాళ్లకు తెలిస్తే నా ఉద్యోగం పోతాది" అన్నాడు పాపయ్య.

"ఎక్కించుకో తాతా" అని లోపలి నుంచి ఒక పిల్ల లేచింది. బక్కగా, జడలో ఇన్ని కనకాంబరాలతో. "మా ఇంట్లోనూ సాకేవాళ్లం. ఎండలో పెడితే గంటలో పోతాయి. ఎవురికి తెలస్తాది, మేం సెప్తామా?"

పాపయ్య ఒకసారి రోడ్డు అటూ ఇటూ చూసి, తలుపు పూర్తిగా తెరిచాడు.

నేను, కృష్ణ పరుగులు పెట్టి ట్రేలు తెచ్చాం. ఆ పిల్లలు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ లోపలికి తీసుకున్నారు. మొదటి ట్రే ఒక పిల్ల ఒళ్లో పెట్టగానే గుప్పుమని మల్లెపూల వాసన కొట్టింది.

"పూలు తీసేయండమ్మా. అందరూ. బయట పారేయండి."

"యాలక్కా?"

"తీసేయమంటే తీసేయండి. సెంటు కొట్టుకోనుంటే వెనక సీట్లోకి పోండి."

వాళ్ల బస్సు, వాళ్ల పూలు, వాళ్ల తలలు. నేను అరుస్తుంటే ఒక్కరూ మారు మాట్లాడలేదు. కిటికీ రవంత తీసి మల్లెలు, కనకాంబరాలు బయటికి విసిరేశారు. ముగ్గురు పిల్లలు నవ్వుకుంటూ వెనకకు పోయారు. అయినా ఏదో వాసన నా ముక్కును వదల్లేదు. వెతికితే డ్రైవరు ముందు చిన్న సెంటు సీసా వేలాడుతోంది. పాపయ్యను అడక్కుండానే ఊడబీకి కంకర గుట్ట మీదికి విసిరాను.

"అది కొత్తదమ్మా" అన్నాడు ఆయన.

"ఇంకోటి కొనిస్తాలేప్పా" అన్నాను. ఈ రోజుకీ కొనివ్వలేదు.

బక్క పిల్ల పేరు రమ్యశ్రీ. హైవే మీద చార్జర్లు చేసే కంపెనీలో పని. నా పక్కన నిలబడి, తనకు ట్రే లేకపోయినా చేతులు ఊరుకోక ప్రతి ట్రే అంచునా చీమలు ఉన్నాయేమో చూస్తోంది.

"మీ ఇంట్లో ఇప్పుడు సాకడంలేదా?" అని అడిగాను.

"లేదక్కా. నేను కంపెనీకొస్తాండా, మా అన్న లారీకి పోతాండాడు. ఎవురు సేస్తారు? మా అవ్వ మాత్రం తోట పెరకనియ్యలే. ఆకంతా ఆవులు మేస్తాండాయి." నవ్వింది. "అవ్వ రోజూ ఆవుల్ని తిడతాది, పట్టు కట్టండి సూద్దాం అని."

"మీ అవ్వ పేరు?"

"బయ్యమ్మ. పుంగనూరికి ఇవతలే మా ఊరు, మామిడి తోపుల ఎనకాల." తర్వాత కృష్ణ ఫోను తీసుకుని ఏదో నొక్కింది. "మా అవ్వ నంబరు ఏసినా. నా ఫోను కంపెనీ గేట్లో పెట్టించుకుంటారు. పురుగులు ఎట్ల ఉండాయో చేరినాక అవ్వకు సెప్పక్కా. నేను సాయంత్రం అవ్వను అడుగుతా."

"ఆకు ముట్టేదాకా ఏమీ సెప్పను" అన్నాను.

ఆ పిల్లకు అర్థమైంది, తలాడించింది. పురుగులు సాకే ఇళ్లలో అది ఉన్నదే. పురుగు ఆకు ముట్టేదాకా బాగున్నాయని నోటితో అనకూడదు. అంటే దిష్టి. మా అత్త దగ్గర నేర్చుకున్నాను, ఆమె వాళ్ల అత్త దగ్గర నేర్చుకుంది. రెండో పంటప్పుడు ఇరుగమ్మ ఎవరో అడిగితే, బలే ఉండాయమ్మా అని నోరు జారాను. ఆ తర్వాతేగా రోగం వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే ఊరుకునేదాన్ని కాదు.

ఎంతసేపు ఆ బస్సులో ఉన్నామో నేను చెప్పలేను. క్రేన్ వచ్చింది, లారీని పక్కకు లాగింది, బండ్లు కదిలాయి. ఆ చల్లదనానికి పురుగులు తలలెత్తుకుని నిద్రపోతూనే ఉన్నాయి. ఒక్కటీ రంగు మారలేదు. ట్రేలు మళ్లీ మా బండిలోకి మార్చేటప్పుడు పాపయ్య దగ్గరున్న నీళ్ల క్యాను మొత్తం గోనెల మీద పోశాడు. ఆ పిల్లలు అద్దాల్లోంచి చేతులూపారు. వాళ్ల తలల్లో పూలు లేవు.

బండి కదలగానే కృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, బావకు ఒక మాట సెప్తా."

"ఏమని?"

"పురుగులు బాగుం..."

"నోరు మూసుకో. ఆకు ముట్టిందా? ముట్టలేదు కదా? ఏం పుట్టింది నీకు?"

"అది కాదక్కా, బావ అక్కడ..."

"బావకు ఏం తొందర? ఇంటికే కదా పోతాండాం. ఇంగొక్క మాట మాట్లాడితే దింపేస్తా."

బండి వాడిది, దింపేస్తానన్నది నేను. వాడు మెడ మీద చెమట తుడుచుకుంటూ రోడ్డు చూసి తోలాడు. వాడు ఏదో మింగుతున్నట్టు నాకు అనిపించింది. అడగలేదు.

పలమనేరులో నేనే ఆయనకు ఫోను చేశాను. బాగున్నాయని చెప్పడానికి కాదు, ఆకు కోసి పెట్టావా అని అడగడానికి. మోగి మోగి ఆగిపోయింది. వి.కోట దగ్గర మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆవుకు నీళ్లు పెడుతున్నాడేమో అనుకున్నాను. నిద్రపోయాడేమో అనుకున్నాను. పాము ఏమైనా కరిచిందేమో అని కూడా అనుకున్నాను. బండిలో పురుగుల భయం చాలదని ఇదొకటి మొదలైంది, గోరుచుట్టు మీద రోకటి పోటులాగా. వెనక తొట్టె వైపున్న చిన్న కిటికీలోంచి ప్రతి మలుపులో తొంగి చూశాను. పై ట్రేలో ఒకటో రెండో తలలు దించి పాకుతున్నాయి. లేస్తున్నాయి.

"బిన్నా, తొందరగా పోనీరా."

"పోతాండాగా అక్కా" అన్నాడు. గొంతులో ఏడుపుంది. అలసిపోయాడనుకున్నాను.

ఊరి మలుపు తిరగకముందే ఆ చప్పుడు వినబడింది. రోడ్డు పని యంత్రాల చప్పుడు రోజూ ఉండేదే, మొదట పట్టించుకోలేదు. మలుపు తిరిగాక జేసీబీ రోడ్డు మీద లేదు. మా తోటలో ఉంది.

రోడ్డు వైపు నుంచి సగం దాకా నేల ఎర్రగా తిరగబడి ఉంది. మల్బరీ మొక్కలు వేళ్లతో సహా లేచి, ఒకదాని మీద ఒకటి కుప్పలు పడి ఉన్నాయి. ఆకులు ఇంకా వాడలేదు. మా ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, అటు వైపు చూడకుండా, వీపు తిప్పుకుని.

నేను దిగడం చూసి లేచాడు. పరుగెత్తుకొచ్చాడు, ఆయన పరుగెత్తడం నేను ఎన్నేళ్లయిందో చూసి.

"నువ్వు యాల ఇంత తొందరగా వస్తివి?" అన్నాడు. "నువ్వొచ్చే లోపల అయిపోవాలనుకుంటిని."

"ఏం అయిపోవాల?"

"కృష్ణ ఫోను సేసినాడు కదా. జామ్ అయింది, ఎండకు పురుగులు పోయినట్టే అని. రోడ్డు పనికాడ జేసీబీ ఒక పూట ఖాళీగా ఉండాదంటే పిలిపిస్తి. మళ్లీ దొరకదు. నువ్వు ఫోను సేస్తాంటే ఏమని సెప్పాలో తెలీక ఎత్తలే." ఆయన నా మొహం వైపు చూడలేకపోతున్నాడు. "గుంత పూడ్చేటప్పుడు రెండుసార్లు సూస్తివి నువ్వు. పురుగుకు ఒకసారి ఏడ్చి, మళ్లీ తోటకు ఒకసారి ఏడవాల. ఎందుకు రెండుసార్లు? నువ్వొచ్చేసరికి అంతా అయిపోయి ఉంటే ఒక్క ఏడుపుతో పోతాదనుకుంటి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఇంత నోరున్నదాన్ని, ఒక్క మాట రాలేదు. కృష్ణ బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాడు దారంతా మింగింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చెప్పబోయాడు. నేనే చెప్పనివ్వలేదు.

నేను బండి వెనక్కు పోయి గోనె ఎత్తాను. మా ఆయన తొంగి చూశాడు. పురుగులు సగానికి పైగా లేచి, కొత్త చర్మంతో, ఆకు కోసం తలలు అటూ ఇటూ ఆడిస్తున్నాయి. ఆయన తోటలోకి పోయి రెండు చేతులూ ఊపుతూ జేసీబీ ఆపించాడు. ఆ చప్పుడు ఆగేసరికి చెవులు గుయ్యిమన్నాయి.

షెడ్డులోకి ట్రేలు మోశాం. లోపల మూల వెదురు గంప ఉంది, పైన తడిగుడ్డ. గుడ్డ తీస్తే నిండా లేత ఆకు, ఈనెలు కూడా విరక్కుండా ఒక్కొక్కటే గిల్లి పేర్చినది. పొద్దున నా మాట మీద కోసిపెట్టాడు. ఆ తర్వాత కృష్ణ ఫోను వచ్చి ఉంటుంది. గుడ్డ ఇంకా తడిగానే ఉంది. అంటే తోట పెరికిస్తూ కూడా మధ్యలో వచ్చి తడిపి పోయాడు. ఎందుకు తడిపాడో ఆయననే అడగాలి. నేను అడగలేదు, అడిగితే ఆ గంప ముందే కూలబడిపోయేదాన్ని.

ఆకు సన్నగా తరిగి పురుగుల మీద చల్లాను. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. పురుగులు ఆకు కింద కప్పబడిపోయాయి. కదలిక లేదు. ప్రయాణం చేసిన పురుగు కాసేపు అట్లాగే ఉంటుంది, ఒక్కోసారి ఎప్పటికీ అట్లాగే ఉంటుంది.

కిటికీలోంచి తోట కనబడుతోంది. నిలబడి ఉన్న మొక్కలు సగం కూడా లేవు. పెరికిన కొమ్మల ఆకు రేపటి దాకా పనికొస్తుంది, ఎల్లుండికి వాడిపోతుంది. పురుగు పెద్దదయ్యే కొద్దీ దాని ఆకలి పెరుగుతుంది. ఈ తోట ఇన్ని పురుగుల్ని సాకలేదు. ఉంచుకుంటే అన్నీ ఆకలికి పోతాయి. ఎవరో చెప్పాల్సిన పని లేదు, పెంచినదానికి తెలుస్తుంది.

"పడిన కొమ్మల్ని కత్తిరించి మళ్లీ నాటుదాం మే, మునెమ్మా" అన్నాడు మా ఆయన మెల్లగా. "మునిశేఖర్‌కు నేను సెప్పుకుంటా."

"ఎప్పటికి ఆకొస్తాది?" అన్నాను. మునిశేఖర్ ఊరుకుంటాడో లేదో కూడా మాకు తెలియదు. తిరగబడిన ఆ సగం మళ్లీ తోట అవుతుందో, యార్డే అవుతుందో ఆ రోజు చెప్పగలిగేవాళ్లు లేరు.

నేను కింది వరుస ట్రేలు వేరు చేసి, సగం అటు జరిపాను.

"కృష్ణా, బస్సులో ఆ పిల్ల నంబరు ఏసింది కదా, వాళ్ల అవ్వది."

"ఏసింది."

"ఆ అవ్వకు ఫోను సెయ్. పొద్దు వాలినాక నీ బండిలో ఈ సగం ట్రేలు తీసుకోని పో. ఆమెకాడ తోట ఉండాది, పురుగులు లేవు."

వాడు ఫోను తీశాడు. నంబరు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. నా వైపు చూశాడు, చిన్నప్పుడు దెబ్బ పడుతుందేమోనని చూసేవాడే, అదే చూపు.

"ఏమని సెప్పేదక్కా? ఇంకా ఆకు ముట్టలేదే."

ట్రేల వైపు చూశాను. కదలిక లేదు. మా అత్త గుర్తొచ్చింది, ఆమె అత్త గుర్తొచ్చింది, పాపం ఆమెను నేను చూసిందే లేదు.

"బాగుండాయని సెప్పు" అన్నాను. "ముట్టకపోయినా సెప్పు. పానంతో ఉండాయని సెప్పు. దిష్టి తగిలితే నాకు తగలనీ."

మా ఆయన నా వైపు తిరిగాడు. కృష్ణ ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల మోగుతోంది. రెండోసారి మోగేలోపే ఎవరో ఎత్తారు, ముసలి గొంతు, ఎవురప్పా అని.

"అవ్వా, మీ రమ్యశ్రీ ఈ నంబరిచ్చింది. మదనపల్లె నుంచి తెచ్చిన పురుగులు" అన్నాడు కృష్ణ. "బాగుండాయి అవ్వా. బాగుండాయి."

వాడు ఊరి పేరు, దారి అడుగుతూ ఉండగా పై ట్రేలో ఒక ఆకు ముక్క అంచు కదిలింది. తర్వాత దాని పక్కది. మా ఆయన చేయి నా భుజం మీద పడింది, నేను తోసెయ్యలేదు. షెడ్డులో చిటచిటమని సన్నని చప్పుడు మొదలై ఒక ట్రే నుంచి ఇంకో ట్రేకు పాకింది. ఇవ్వబోయే సగంలోనూ, ఉంచుకోబోయే సగంలోనూ అదే చప్పుడు. నేను అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చాను, మా ఆయన లెక్క ప్రకారం ఒక్క ఏడుపే.

కాసేపటికి ఆయన కొడవలి తీసుకుని, పెరికిన కొమ్మల ఆకు ఎండకముందే కోసుకు రావడానికి తోటలోకి పోయాడు. నేను కళ్లు తుడుచుకుని ఆయన వెంట పోయాను.